తండ్రి అప్పు – సంతానం ధర్మం
(మహాలయ పక్ష ప్రవచనం)





ఇది మహాలయ పక్షం. భాద్రపద బహుళ పాడ్యమి మొదలుకొని అమావాస్య వరకు పితృదేవతలను స్మరించవలసిన పుణ్యకాలం. మన వైపు పెత్రమాస అని పిలుచుకొనే ఆ అమావాస్యనాడు ఎంత పేద ఇంటిలోనైనా పెద్దల పేరు చెప్పి స్వయంపాకం ఇస్తారు. ఆ సాయంకాలమే ఆడపడుచులు ఎంగిలిపూల బతుకమ్మను పేరుస్తారు. ఈ రోజులలో ధర్మపురి గోదావరి రేవులో తర్పణం విడిచి లేచిన గృహస్థులు మమ్మల్ని తిథులను గురించీ పిండాలను గురించీ ఎన్నో సందేహాలు అడుగుతారు. అవన్నీ నలుగురిలో అడిగేవి. పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడిగే సందేహం ఒకటి ఉన్నది. “అయ్యా, మా నాయన అప్పు చేసి పోయిండు. అది మేము కట్టాలెనా? కట్టకుంటే ఆయనకు గతులుండవా?”

ఇందులో రెండు ప్రశ్నలు ఉన్నాయి. కట్టి తీరాలా అన్నది వ్యవహారానికి, అనగా న్యాయస్థానానికి సంబంధించినది. గతులుండవా అన్నది ధర్మానికి, పరలోకానికి సంబంధించినది. ఈ రెండింటినీ కలిపివేయడం వల్లనే మన కరీంనగరం, ఆదిలాబాదు పల్లెలలో ఎన్నో కుటుంబాలు భయంతో చితికిపోతున్నాయి. అందుచేత నేడు ఈ రెండింటినీ విడదీసి మనవి చేయదలచినాము.

పేరు ఒకటి, ఋణాలు రెండు

మనిషి పుట్టుకతోనే మూడు ఋణాలు కలవాడై పుడుతున్నాడని తైత్తిరీయ సంహిత చెప్పింది. బ్రహ్మచర్యం చేత ఋషిఋణం, యజ్ఞం చేత దేవఋణం, సంతానం చేత పితృఋణం తీరుతాయి. ఐతరేయ బ్రాహ్మణం ఏడవ పంచికలో నారదుడు హరిశ్చంద్ర మహారాజుకు పుత్రుని మహిమ చెబుతూ, తండ్రి తన ఋణాన్ని పుత్రునియందు ఉంచుతున్నాడని అన్నాడు. ఆ ఋణం వంశాన్ని నిలపవలసిన ఋణం. దానికి పత్రం లేదు, సాక్షులు లేరు, మిత్తి లేదు. దానికి పేరు పితృఋణం.

తండ్రి మరొకరి వద్ద పైకం తెచ్చి, తీర్చకుండానే కాలధర్మం చెందితే మిగిలేది పైతృక ఋణం. అంటే తండ్రి నుండి వచ్చిన అప్పు. మాటలు దగ్గరగా ఉన్నంత మాత్రాన ఈ రెండూ ఒకటి కావు. పితృఋణం ప్రతి మనిషికీ ఉన్నది. దాన్ని తర్పణంతో, శ్రాద్ధంతో, సత్సంతానంతో తీరుస్తాము. పైతృక ఋణం కొందరికే ఉంటుంది. దానికి లెక్క ఉన్నది, హద్దు ఉన్నది.

“నీవు కట్టకుంటే మీ నాయన మా కొట్టంలో ఎద్దై పుడతడు” అని అప్పిచ్చినవారు అనడం మనం విన్నాము. ఋణంతో చనిపోయినవాడు ఎంత తపస్వి అయినా, అగ్నిహోత్రి అయినా ఆ పుణ్యం ధనికునికి చెందుతుందని నారద స్మృతి చెప్పిన మాట నిజమే. ఐతే ఆ మాట ఎవరికి చెప్పబడింది? అప్పు తీసుకొని బ్రతికి ఉన్నవానికి. తీర్చగల కాలంలోనే తీర్చుకో నాయనా అని అతనికి హితవు చెప్పడం దాని తాత్పర్యం. అథర్వ వేదం ఆరవ కాండలో ఈ లోకంలోనూ పరలోకంలోనూ ఋణం లేనివారమగుదుము గాక అనే ప్రార్థన ఉన్నది. దాన్ని చదవవలసినవాడు ఋణం ఉన్నవాడే. శాస్త్రం ఋణగ్రస్తుని మనసును హెచ్చరించింది. ఆ హెచ్చరికను ధనికుడు తన చేతిలో బెత్తంగా పట్టుకొని విధవరాలి ముంగిట నిలబడమని శాస్త్రం చెప్పలేదు.

తీర్చలేని అప్పు ఉన్న తండ్రికి కొడుకు తర్పణం విడువరాదనిగాని, విడిచినా అది చేరదనిగాని మేము అధ్యయనం చేసిన గ్రంథాలలో ఎక్కడా లేదు. నువ్వులు, నీళ్ళు, దర్భ, శ్రద్ధ ఉంటే చాలును. ఈ భయాన్ని మొదట విడిచిపెట్టండి.

స్మృతులు గీసిన హద్దులు

రాజు విచారించవలసిన పదునెనిమిది వ్యవహార పదాలలో మనువు మొట్టమొదట లెక్కించినది ఋణాదానం. అంటే అప్పుల తగవు అంత పాతది. యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య రచించిన విజ్ఞానేశ్వరుడు మనకు దూరపువాడు కాడు. కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని కాలంలో, అనగా 1076–1126 సంవత్సరాల మధ్య ఆయన ఆ గ్రంథం రచించాడు. ఆ రోజులలో మన ప్రాంతం కూడా ఆ చాళుక్యుల ఏలుబడిలోనిదే. 13వ శతాబ్దిలో మూలఘటిక కేతన దాన్ని విజ్ఞానేశ్వరీయమనే పేర తెలుగు పద్యాలలోనికి తెచ్చాడు. కనుక ఈ ధర్మం మన పెద్దలకు తెలుగులోనే ఏడు వందల ఏండ్లకు పైగా అందుబాటులో ఉన్నది.

వారు చెప్పినదాని సారం ఇది. తండ్రి చనిపోయినా, దేశాంతరం పోయి రాకున్నా, తీరని ఆపదలో పడినా అతని అప్పును పుత్రులు, పౌత్రులు తీర్చాలి. ఇది సామాన్య ధర్మం. ఈ ఒక్క మాటను పట్టుకొని మిగిలినది చదవనివారు చాలామంది. దాని వెంటనే ఎన్ని హద్దులు గీశారో చూడండి.

మొదటిది, అప్పు ఎందుకు చేశాడన్నది. మద్యం కోసం, కామం కోసం, జూదం కోసం చేసిన అప్పును, కట్టకుండా మిగిలిన జరిమానాను, సుంకపు బాకీని, అర్హత లేనివారికి చేసిన వృథా దానాన్ని పుత్రుడు తీర్చనక్కరలేదని యాజ్ఞవల్క్యుడు స్పష్టంగా చెప్పాడు. నేటి భాషలో చెప్పాలంటే బెల్టు షాపు పద్దు, పేకాట బాకీ, ఫోనులో క్రికెట్ పందేలకు తెచ్చిన అప్పు కొడుకు మెడకు చుట్టుకోరాదు.

రెండవది, ఎన్ని తరాలన్నది. కొడుకు తీర్చవలసివస్తే మిత్తితో తీర్చాలి. మనుమడు అసలు మాత్రమే ఇస్తే చాలును. మునిమనుమనికి, ఆస్తి అందకపోతే, బాధ్యతే లేదు.

మూడవది వయస్సు. వ్యవహారం తెలిసే ఈడు రాని బాలుని అప్పు అడుగరాదు.

నాలుగవది జామీను. ఫలానావాడు వస్తాడని, ఫలానావాడు నమ్మదగినవాడని తండ్రి పూచీ పడి ఉంటే ఆ పూచీ తండ్రితోనే పోతుంది. వాడు ఇవ్వకుంటే నేనిస్తానని పూచీ పడి ఉంటే మాత్రం అది కొడుకుకు వస్తుంది, మనుమనికి రాదు.

ఐదవది, ఇంటి ఇల్లాలి మాట. భర్త చేసిన అప్పుకుగాని కొడుకు చేసిన అప్పుకుగాని స్త్రీ బాధ్యురాలు కాదు. ఆమె తానే ఒప్పుకొన్నదైతే, భర్తతో కలిసి చేసినదైతే, తాను స్వయంగా చేసినదైతే, లేదా కుటుంబ పోషణకోసం చేసినదైతే తప్ప. అట్లే కొడుకు చేసిన అప్పు తండ్రిమీద పడదు, అది కుటుంబం కోసమైతే తప్ప. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు నుండి గల్ఫ్ దేశాలకు పోయి అక్కడే తనువు చాలించిన బిడ్డల తల్లిదండ్రులు ఈ మాట గుర్తుంచుకోవాలి. ఏజెంటుకు కట్టడానికి బిడ్డ తెచ్చిన అప్పు ఇంటిల్లిపాది కోసం తెచ్చినదా, తానొక్కడి కోసం తెచ్చినదా అని అడిగి తేల్చుకోవలసి ఉంటుంది.

ఆరవది మిత్తి. డబ్బు అప్పు మీద ఒక్కసారిగా వసూలు చేసే మిత్తి అసలును మించరాదని మనువు శాసించాడు. మూడు రూపాయల మిత్తికి తెచ్చిన లక్షకు రెండేళ్ళ పది నెలలు తిరిగేసరికి మిత్తియే లక్ష దాటుతుంది. ఆ పైన పెరిగేదానికి శాస్త్రం అండ లేదు.

వీటన్నిటిలోనూ పెద్దది ఏడవది. ఎవరు ఆస్తిని తీసుకొన్నారో వారే అప్పును తీర్చాలని యాజ్ఞవల్క్యుడు చెప్పాడు. అప్పు తీర్చవలసినవారి వరుసలో అతడు మొదట పేర్కొన్నది రిక్థగ్రాహినే. రిక్థం అంటే వారసత్వపు ఆస్తి. పొలం తీసుకొన్న చేయి పత్రాన్ని తోసివేయరాదు.

నేటి చట్టం చెప్పేది

ఆంగ్లేయుల కాలం నుండి న్యాయస్థానాలు స్మృతులలోని పుత్రధర్మాన్ని చట్టంగా అమలు చేస్తూ వచ్చాయి. 2005లో పార్లమెంటు హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. ఆ సంవత్సరం సెప్టెంబరు 9 నుండి అది అమలులోకి వచ్చింది. కుమార్తెకు కుమారునితో సమానంగా ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇచ్చిన సవరణ అదే. తండ్రి, తాత, ముత్తాతల అప్పును కేవలం పుత్రధర్మం అనే కారణం మీద కొడుకు, మనుమడు, మునిమనుమల నుండి రాబట్టే హక్కును ఇకమీదట ఏ కోర్టూ గుర్తించదని అందులోనే ఉన్నది. ఆ తేదీకి ముందు చేసిన అప్పులకు మాత్రం పాత నియమం వర్తిస్తుంది.

దీన్ని విని కొందరు, అప్పు ఎగిరిపోయిందని సంతోషిస్తారు. అది పొరపాటు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం మృతుని ఆస్తి ఎవరి చేతికి వచ్చిందో, వచ్చినంత మేరకు వారు అతని అప్పుకు జవాబుదారులే. చట్టం తీసివేసినది ఆస్తి లేని అప్పును. ఆస్తితో వచ్చే అప్పు నిలిచే ఉన్నది. యాజ్ఞవల్క్యుడు చెప్పిన రిక్థగ్రాహి మాటే నేటి కోర్టులోనూ నిలిచింది.

ఒక ఉదాహరణ చెబుతాము. ఒక గృహస్థు ఆరు లక్షల అప్పు, నాలుగు లక్షల విలువ గల స్వార్జితం విడిచి పోయాడు. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. తలా ఒక లక్ష వస్తుంది. అప్పిచ్చినవాడు ఒక్కొక్కరి నుండి ఆ లక్ష వరకే రాబట్టగలడు. మిగిలిన రెండు లక్షలకు పెద్దకొడుకు సింగరేణి జీతాన్నిగాని, చిన్నకొడుకు చెమటోడ్చి కొన్న ఆటోనుగాని, అల్లుని ఇంటినిగాని ముట్టరాదు. కూతురు భాగం తీసుకొంటే ఆ భాగం మేరకు అప్పూ ఆమెదే. భాగానికి అక్కర, బాకీకి పరాయి అనే న్యాయం అన్నకూ లేదు, చెల్లెకూ లేదు.

మూడు చోట్ల జాగ్రత్త అవసరం. పొలంగాని బంగారంగాని తాకట్టులో ఉంటే ఆ వస్తువు ఎవరి చేతికి వచ్చినా అప్పుతోనే వస్తుంది. కొడుకు తానే తండ్రితో కలిసి సంతకం చేసి ఉంటే, లేదా బ్యాంకులో జామీను పడి ఉంటే అది అతని సొంత అప్పే. మృతుని ఆస్తిని అమ్మి లెక్క చూపకపోతే ఆ మేరకు సొంత ఆస్తి నుండి చెల్లించవలసివస్తుంది.

వెట్టిగా మారిన అప్పు

తండ్రి అప్పు హద్దు దాటితే ఏమవుతుందో మన ఆదిలాబాదు అడవి పల్లెలు చూశాయి. నిజాము ఏలుబడిలో భగేలా అనే పద్ధతి ఉండేది. తండ్రి పెండ్లికో తిండిగింజలకో తెచ్చిన కొద్దిపాటి పైకానికి అతడు షావుకారు ఇంటనో దొర ఇంటనో జీతముండేవాడు. అతడు పోతే ఆ అప్పు కింద కొడుకు అదే కొట్టంలో నిలబడేవాడు. లెక్క రాసేవాడు ఒకడు, వేలిముద్ర వేసేవాడు మరొకడు. అటువంటి అప్పు ఎన్నటికి తీరేను?

1976లో వచ్చిన వెట్టిచాకిరి నిర్మూలన చట్టంలో దేశం నలుమూలల ఉన్న ఇటువంటి పద్ధతుల పేర్లు లెక్కించారు. వాటిలో భగేలా ఉన్నది, జీత ఉన్నది, పాలేరు ఉన్నది, వెట్టి ఉన్నది. పెద్దల నుండి సంక్రమించిన అప్పు కింద చేసే చాకిరి కూడా వెట్టియే అని ఆ చట్టం చెప్పింది. అటువంటి అప్పులన్నీ రద్దయ్యాయి. స్మృతులు మనుమనికి మిత్తి లేదనీ, మునిమనుమనికి అప్పే లేదనీ చెప్పి ఉండగా, మన సమాజం మాత్రం తరతరాలను కట్టివేసింది. ధర్మం పేరు చెప్పి ధర్మాన్ని దాటిన తీరు అది.

పత్తి చేలలోనూ, సిరిసిల్ల మరమగ్గాల నడుమనూ అప్పు బాధతో ప్రాణం తీసుకొన్నవారి ఇండ్లను మన ప్రాంతం చూసింది. 2004లో ప్రభుత్వం అటువంటి రైతు కుటుంబానికి లక్షన్నర సాయం ప్రకటించినప్పుడు అందులో లక్ష బ్రతుకుతెరువుకు, యాభై వేలు బాకీల పరిష్కారానికి అని విడదీసింది. 2015లో తెలంగాణ ప్రభుత్వం దాన్ని ఆరు లక్షలకు పెంచినప్పుడు కూడా ఐదు లక్షలు కుటుంబానికి, ఒక లక్ష బాకీలకు అని పెట్టింది. ఉన్న బిడ్డల అన్నం వేరు, పోయినవాని బాకీ వేరు అన్న వివేకం ఇందులో ఉన్నది. బీమా పైకంగాని సాయంగాని చేతికి రాగానే అంతా అప్పులవారికి పంచి, పిల్లలను పస్తు పెట్టడం ధర్మం కాదు.

దినవారాలలో చేయరానిది

ఇప్పుడు చెప్పేదాన్ని ఇంటికి పోయి నలుగురికీ చెప్పండి. మనిషి పోయిన ఇంట పదవనాడో పదకొండవనాడో బంధువులంతా కూడి ఉండగా అప్పులవారు వస్తారు. అందరిముందు పరువు పోతుందని, దుఃఖంలో ఉన్న కొడుకు పాత నోటు చింపి కొత్త నోటు మీద సంతకం చేస్తాడు. ఆ ఒక్క సంతకంతో తండ్రి అప్పు అతని సొంత అప్పు అవుతుంది. ఆస్తి మేరకే అన్న రక్షణ పోతుంది. ప్రామిసరీ నోటుకు దావా గడువు మూడేండ్లు. గడువు తీరిన అప్పుకు కూడా కట్టుతానని రాతపూర్వకంగా ఒప్పుకొంటే అది మళ్ళీ ప్రాణం పోసుకొంటుంది.

ఆశౌచంలో ఉన్నవాడు దేవతార్చన చేయడు, దానం పట్టడు. అటువంటివానిచేత పత్రం వ్రాయించడం ఎక్కడి ధర్మం? కనుక దినవారాలు ముగిసేవరకు ఏ కాగితం మీదా సంతకం చేయకండి. వచ్చినవారికి మంచినీళ్ళిచ్చి, “నెల మాసికం కానీయండి, మీ కాగితం తెచ్చి చూపండి, పెద్దమనుషుల ముందు లెక్క చూద్దాం” అని వినయంగా చెప్పండి. ఆ పిమ్మట నాయన విడిచిన ఆస్తి ఒక వైపు, బాకీలు ఒక వైపు వ్రాయండి. అసలెంత, ముట్టినదెంత, మిత్తి ఎంత అని అడగండి. అవసరమైతే జిల్లా కోర్టు ప్రాంగణంలోని న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించండి. ఇచ్చిన ప్రతి రూపాయికీ రశీదు తీసుకోండి, తీరిన నోటును వెనక్కు తీసుకోండి.

చట్టం విడిచినా ధర్మం విడువనిది

చట్టం ఆస్తి మేరకే అన్నది. అక్కడితో కొడుకు ధర్మం కూడా ముగిసినదా? ముగియలేదు.

నోటు లేకుండా, మాట మీద ఇచ్చినవారు ఉంటారు. నాట్లు వేసిన కూలితల్లి బాకీ, తండ్రి ఆసుపత్రిలో ఉన్ననాడు పొరుగింటి ముసలమ్మ పుస్తె కుదువ పెట్టి తెచ్చి ఇచ్చిన ఐదు వేలు, కొట్టులో ఖాతా రాసుకొని ఏడాది పొడుగునా బియ్యం ఇచ్చినవాని పద్దు — ఇవి ఏ కోర్టుకూ ఎక్కవు. వారి వద్ద సాక్ష్యం లేదు. తండ్రి నోటి మాట ఒక్కటే ఉన్నది. తండ్రి ఇచ్చిన మాటను శ్రీరామచంద్రుడు తన ఋణమనుకొని పదునాలుగేండ్లు అడవిలో తీర్చాడు. ఆయనను కట్టివేసిన పత్రం ఏదీ లేదు. కొడుకు చేతిలో శక్తి ఉండి, తండ్రి అప్పు నిజాయితీ గలదై, ఇచ్చినవాడు పేదవాడైతే, ఆస్తి రాకున్నా తీర్చడం ఉత్తమ ధర్మం. ఇంటి తిండికి, బిడ్డల చదువుకు మించి మిగిలినదానిలో కొద్దికొద్దిగా తీర్చినా చాలును. పేదవాని బాకీ ముందు, ధనవంతుని బాకీ తరువాత.

శక్తి లేనివాడు తీర్చలేకపోతే అది పాపం కాదు. శక్తి ఉండి చట్టాన్ని చాటు చేసుకొని కూలితల్లిని ఏడిపిస్తే, అది ఏ కోర్టు కొట్టివేసినా తీరని ఋణం.

కొందరు మొక్కులను గురించి అడుగుతారు. వేములవాడ రాజన్నకు కోడెను కడతానని మొక్కి తల్లి పోయింది, అది మాకు వస్తుందా అని. ఆ స్వామి వద్ద ప్రామిసరీ నోటు లేదు. వీలైననాడు తల్లిని తలచుకొని కోడెను కట్టి రండి. అప్పు చేసి మాత్రం మొక్కు తీర్చకండి. ఒక ఋణం తీర్చడానికి మరొక ఋణం తెచ్చుకొమ్మని ఏ దేవుడూ కోరడు.

అప్పిచ్చిన మహాశయులకు కూడా ఒక మనవి. మీ పైకం మీరు అడగడం అధర్మం కాదు. ఐతే శవం లేవక ముందే వాకిట నిలబడకండి. అసలు ముట్టిన చోట మిత్తి విడిచిపెట్టండి. తీర్చలేనివాని నోటును పెత్రమాసనాడు చింపి గోదావరిలో విడిస్తే, అది మీ పితరులకు మీరు చేసిన తర్పణమే అవుతుంది.

ఇక బ్రతికి ఉన్న తండ్రులకు, తల్లులకు చివరి మాట. మీ అప్పులను బిడ్డల నుండి దాచకండి. ఎవరికెంత ఇవ్వాలో, ఎవరెంత ఇవ్వాలో ఒక పుస్తకంలో వ్రాసి, ఇంట పెద్దబిడ్డకు చూపి పెట్టండి. బిడ్డలకు భయం విడిచి వెళ్ళడం కంటె లెక్క విడిచి వెళ్ళడం మేలు. ఆ లెక్క ఉన్ననాడు వారు మీ పేరున నువ్వులూ నీళ్ళూ విడిచేటప్పుడు వారి మనస్సు షావుకారు మీద ఉండదు, మీ మీదనే ఉంటుంది.

గోదావరీ తీరవాసి శ్రీ లక్ష్మీనరసింహస్వామి మనందరినీ అన్ని విధాల ఋణముల నుండి విముక్తులను చేయుగాక.

స్వస్తి.